వడ్డవారం ఏ వారం? పాత రాతలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఓరుగల్లు, జనగామ, ములుగు, కరీంనగర్ ప్రాంతాల నుంచి వచ్చినవే, దాదాపు అన్నీ పాత కాగితాల గురించో పాత రాళ్ల గురించో అడిగినవే. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాం. పేర్లు తీసేసి, ఉత్తరాలను కొంత కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న (జనగామ నుంచి): మా తాతగారి ఇనుప పెట్టెలో ఉర్దూలో రాసిన భూమి కాగితం ఒకటి దొరికింది. ఊళ్లో ఉర్దూ వచ్చిన పెద్దాయన పై వరుస చూసి, తారీఖు "ఖుర్దాద్, 1336" అని చదివారు, మిగతాది తనకు రావడం లేదన్నారు. కాకతీయ రాజ్యం 1323లో పడిపోయిందని చదువుకున్నాం గనుక, ఇది ఆ తరువాత పదమూడేళ్లకు రాసిన కాగితమని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. దీన్ని మ్యూజియానికి అప్పగించాలా?

జవాబు: తొందరపడి అప్పగించకండి, అది మీ తాతగారి కాగితమే. ఆ 1336 క్రీస్తు శకం కాదు, ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలన్నీ పంట ఏడాదిని బట్టి నడిచే ఫసలీలోనే రాసేవారు. హైదరాబాద్ సంస్థానంలో ఈ ఏడాది ఆజూర్ నెలతో, అంటే మన అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. తరువాత వరుసగా దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్ నెలలు వచ్చేవి. ఫసలీ సంఖ్యకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి ఏడాది ముగిసేదాకా 591 కలపాలి. ఖుర్దాద్ ఏడో నెల, మన ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. కాబట్టి మీ కాగితం 1927 ఏప్రిల్ ప్రాంతంలో రాసినదని చెప్పవచ్చు. ఈ లెక్కను సరిచూసుకోవడానికి ఒక తెలిసిన ఉదాహరణ ఉంది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ పేరులో 1358 ఫసలీ అని ఉంటుంది, అది వచ్చింది 1949 ఆగస్టులో. 1358కి 591 కలిపితే సరిగ్గా 1949 వస్తుంది. అయితే తరువాతి కాలపు పహాణీల్లో, అంటే ఏటేటా రాసే భూమి, పంటల లెక్కల్లో, ఫసలీ ఏడాది జులై 1న మొదలవుతుంది గనుక, పాత లెక్కనూ కొత్త లెక్కనూ కలిపేసి నెలలు తప్పుగా పట్టుకోవద్దు.

ఉర్దూ వచ్చిన పెద్దాయనకు మిగతాది రాకపోవడంలో ఆశ్చర్యం లేదు, అది ఆయన లోపమూ కాదు. 1880ల దాకా సర్కారు దఫ్తరం ఫారసీలోనే నడిచింది. ఉర్దూ వచ్చిన తరువాత కూడా గుమాస్తాలు పాత ఫారసీ మాటలను, షికస్తా అనే గొలుసుకట్టు రాతను వదల్లేదు. షికస్తాలో చుక్కలు తరచుగా ఎగిరిపోతాయి, చుక్కలు లేకపోతే నాలుగైదు అక్షరాలు ఒకే తీరున కనిపిస్తాయి. డబ్బు మొత్తాలనైతే అంకెల్లో కాక, "రఖం" అనే పద్ధతిలో, అరబ్బీ సంఖ్యల పేర్లను మెలికలుగా కుదించి రాసేవారు. అవి తెలియనివారికి అక్కడ అంకె ఉన్నట్టే తోచదు. అచ్చు ఉర్దూ పత్రికను గడగడా చదివేవారు కూడా ఇక్కడ ఆగిపోతారు. పాత దస్తావేజులు చదవడం అలవాటున్న మున్షీని వెతకవలసిందే.

అలాంటివారు దొరికేలోగా, కింది మాటలు తెలిసి ఉంటే కాగితాన్ని సగం మీరే గుర్తుపట్టగలరు. మౌజా అంటే గ్రామం. సాకిన్ అంటే నివాసి. "ఫలానా వల్ద్ ఫలానా" అన్నచోట వల్ద్ అంటే కొడుకు, ఆడవారి పేరు పక్కన జౌజె అని ఉంటే భార్య. రఖ్బా అంటే విస్తీర్ణం. బైనామా అంటే అమ్మకం పత్రం, రహన్‌నామా అంటే తాకట్టు పత్రం. ఈ రెండింటిని తారుమారు చేసి చదివి అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లను నేను ఎరుగుదును. హద్దులు చెప్పేచోట మష్రిక్ తూర్పు, మగ్రిబ్ పడమర, షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం. ఖుష్కి అంటే మెట్ట, తరి అంటే చెరువు కిందో కాలువ కిందో పారే నేల. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఒక కాగితంలోని ఖుష్కిని ఖుషీ అని చదివి, అమ్మినవారు సంతోషంగా అమ్మారని ఒక కుటుంబానికి వివరంగా చెప్పి వచ్చాను. అసలు సంగతి తెలిసిన తరువాత మళ్లీ వెళ్లి దిద్దుకోవలసి వచ్చింది.

విస్తీర్ణం దగ్గర ఇంకొక చిక్కు ఉంది. పాత పహాణీలో 3.12 అని కనిపిస్తే దాన్ని దశాంశంగా తీసుకోకూడదు, అది 3 ఎకరాల 12 గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు కాబట్టి, కాలిక్యులేటర్ భాషలో అది 3.30 ఎకరాలు అవుతుంది. ధర దగ్గర "హాలీ" అనో "సిక్కా ఉస్మానియా" అనో ఉంటే అది నిజాం రూపాయి, "కల్దార్" అని ఉంటే బ్రిటిషు రూపాయి. సుమారుగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. భూమి విషయం కోర్టు దాకానో తహసీల్దారు దాకానో వెళ్లేటట్టుంటే మాత్రం ఇంట్లో చదువుకున్నది చాలదు. రెవెన్యూ కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకుని, అధికారికంగా అనువాదం చేయించుకోవాలి.

ప్రశ్న (హనుమకొండ నుంచి, కళాశాల విద్యార్థిని): వేయిస్తంభాల గుడి శాసనం ఒక పుస్తకంలో 1162 అని, మరొక పుస్తకంలో 1163 అని ఉంది. శాసనంలోనే స్పష్టంగా శక సంవత్సరం ఉన్నప్పుడు ఈ తేడా ఎందుకు వస్తుంది? ఏది రాస్తే మార్కులు పడతాయి?

జవాబు: 1163 రాయండి, కారణం కూడా రాయండి. ఆ శాసనం తేదీ శకవర్షాలు 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ 13, వడ్డవారం. శక సంఖ్యకు 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని బడిలో నేర్పుతారు, ఆ లెక్కన 1162 వస్తుంది. కానీ శక సంవత్సరం చైత్రంలో మొదలై మళ్లీ ఫాల్గుణంలో ముగుస్తుంది. ఆ మధ్యలో జనవరి ఒకటి దాటిపోతుంది కాబట్టి, పుష్యం చివర్లోనో మాఘ, ఫాల్గుణాల్లోనో పడిన తేదీకి 78 కాక 79 కలపాలి. ఇది మాఘం కనుక 1163 జనవరి 19 అవుతుంది. పోల్చి చూడడానికి రామప్ప గుడి శాసనం తీసుకోండి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో వేయించిన ఆ శాసనానిది శక 1135, శ్రీముఖ సంవత్సరం, చైత్రమాసం, ఆదివారం. ఇక్కడ ఏడాది అప్పుడే మొదలైంది కాబట్టి 78 కలిపితే చాలు, 1213 మార్చి 31 వస్తుంది.

వడ్డవారం అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. అది శనివారానికి శాసనాల్లో కనిపించే పాత పేరు. 1163 జనవరి 19 వెనక్కి లెక్కవేసి చూస్తే శనివారమే వస్తుంది, నేను వేసి చూశాను. తిథి, వారం, సంవత్సరం పేరు మూడూ ఇలా కలిస్తే తేదీని నమ్మవచ్చు. సంవత్సరం పేరు ఇంకో విధంగానూ ఆదుకుంటుంది. రాయి పెచ్చులూడి శక సంఖ్యలో చివరి రెండంకెలు పోయినా, ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న అరవైలో పేరు ఒకటి మిగిలి ఉంటే, ఆ రాజు పాలించిన కాలానికి సరిపోయే ఏడాది సాధారణంగా ఒక్కటే దొరుకుతుంది.

సంస్కృత శ్లోకంలో తేదీ చెప్పిన శాసనాల్లో అంకెలు కనిపించకపోవచ్చు, వాటి స్థానంలో వస్తువుల పేర్లు ఉంటాయి. భూమి, చంద్రుడు ఒకటి, నేత్రాలు రెండు, గుణాలు మూడు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, ఋతువులు ఆరు, గిరులు ఏడు, వసువులు ఎనిమిది, నిధులు తొమ్మిది, గగనం సున్న. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చాలి. "బాణ గుణ చంద్ర భూ" అని నేను రాస్తే 5, 3, 1, 1 అన్నమాట, తిప్పి చదివితే 1135.

ప్రశ్న (ములుగు నుంచి): మా ఊరి చెరువు కట్ట మీద అక్షరాలున్న రాయి ఉంది. అక్షరాలు కొన్ని ఇప్పటి తెలుగులాగే ఉన్నాయి, కానీ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు. చదవడం నేర్చుకునే దారి చెబుతారా?

జవాబు: దారి ఉంది, అయితే మీ రాయితో మొదలుపెట్టవద్దు. ముందు కాగితం మీద సాధన చేయండి. కింది వరుస ఏ రాతి మీదా ఉన్నది కాదు, శాసనాల తీరును అనుసరించి మీకోసం నేను కూర్చినది:

శకవర్షంబులు౧౧౭౬అగునేంట్టిఆనందసంవత్సరవైశాఖశు౧౫గునాండుసోమగ్రహణనిమిత్తమునచెఱువువెనుకఖ౧నీర్నేలధారవోసియిస్తిమి

మాటల మధ్య ఎడం లేదు, వాక్యం చివర చుక్క లేదు. చెక్కేవాడికి రాయి ఖర్చు, స్థలం ఖర్చు. అందుకని ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరం పట్టుకోకుండా, ముందు మీకు తెలిసిన మాటల కోసం వెతకండి. "శకవర్ష", "సంవత్సర", "నాండు", "నిమిత్తమున" అన్నవి దాన శాసనాల్లో దాదాపు తప్పక వచ్చే మాటలు, వాటిని గుర్తుపట్టి గీత గీస్తే మధ్యలో మిగిలేది కొంచెమే. ఇప్పుడు విడదీద్దాం. "అగునేంట్టి" అన్నదానిలో మనం రోజూ అనే "ఏంటి" లేదు. ఏడు అంటే సంవత్సరం, దాని మీద విభక్తి చేరితే ఏటి, పాత రాతలో ఏంటి. కాబట్టి "1176 అగు ఏటి" అని అర్థం. సున్న తరువాత వచ్చే హల్లును రెట్టించి రాయడం ఆ కాలపు అలవాటు, అందుకే ట్ట పడింది. రేఫ తరువాత కూడా అలాగే "ధర్మ్మ", "సర్వ్వ" అని కనిపిస్తాయి, అవి చెక్కినవాడి తప్పులు కావు. "శు ౧౫" అంటే శుద్ధ పదిహేను, పున్నమి. "బ" అని ఉంటే బహుళం. "గు" గురువారం. శు అన్న అక్షరం శుక్రవారానికీ వాడతారు గనుక, "శు ౫ శు నాండు" అని వస్తే మొదటిది పక్షం, రెండోది వారం. సోమగ్రహణం సోమవారం నాటి గ్రహణం కాదు, సోముడంటే చంద్రుడు. పున్నమి పక్కనే ఉంది కాబట్టి ఈ చదువు సరిపోయింది. "ఖ ౧" అంటే ఒక ఖండుగ (పాత నేల కొలత), నీర్నేల అంటే నీరు పారే నేల, "ధారవోసి" అంటే చేతిలో నీళ్లు వదిలి దానం చేసి. "ఇస్తిమి" ముందు యకారం చేరి "యిస్తిమి" అయింది. మన పెద్దవాళ్ల ఉత్తరాల్లో "యిక్కడ", "యెకరం", "వొక" అని ఉండేవి చూశారుగా, అదే అలవాటు.

ఇక అక్షరాల సంగతి. కాకతీయుల కాలం దాకా తెలుగు, కన్నడ లిపులు ఇంచుమించు ఒకటే గనుక, పాత రాయిని చూసి ఇది కన్నడమేమోనని ఊరివాళ్లు అనుకోవడం సహజం. శకటరేఫ ఱ విరివిగా ఉంటుంది, "చెఱువు"లో ఉన్నది అదే. ఎ, ఏ మధ్య, ఒ, ఓ మధ్య తేడా చాలా శాసనాల్లో చూపరు, హ్రస్వమో దీర్ఘమో మీరే మాటను బట్టి నిర్ణయించుకోవాలి. ఒక్క విషయం మరిచిపోకండి. పాత చేతిరాతల్లోనూ తొలినాటి అచ్చు పుస్తకాల్లోనూ తొమ్మిది అంకెలాంటి గుర్తు హల్లు తరువాత కనిపిస్తే, అది అంకె కాదు, వలపల గిలక. "ధమ౯ం" అని ఉన్నదాన్ని "ధర్మం" అని చదవాలి.

పద్యం ఉన్న శాసనమైతే పని ఇంకా సులువు, ఇది చాలామంది గమనించరు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో, కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద కన్నడ మహాకవి పంప తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన శాసనం ఉంది, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడూ అందులో ఉన్నాయి. తెలుగు భాగం కంద పద్యాలు. కందంలో ప్రతి పాదానికీ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి గనుక, ఆ ప్రాసను పట్టుకుంటే పాదం ఎక్కడ తెగుతుందో రాయి దానంతటదే చెబుతుంది. గణం సరిపోకపోతే ఎక్కడో అక్షరం తప్పు చదివామని కూడా తెలుస్తుంది. ఛందస్సు నేర్చుకున్న బడిపిల్లలు ఈ విషయంలో కొందరు చరిత్ర పట్టభద్రుల కంటే ముందుంటారని నా అనుభవం.

రాయి దగ్గరికి వెళ్లినప్పుడు మట్ట మధ్యాహ్నం వెళ్లవద్దు. పొద్దున్నే గానీ పొద్దువాలాక గానీ, ఎండ పక్కనుంచి రాయి మీద వాలేటప్పుడు గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది. చీకటి పడ్డాక టార్చిలైటును రాయికి దాదాపు ఆనించి పక్కనుంచి వేసి, కాంతి దిక్కు మారుస్తూ నాలుగైదు ఫోటోలు తీస్తే, పగలు కనపడనివి ఎన్నో కనపడతాయి.

ప్రశ్న (మహబూబాబాద్ నుంచి, ఉపాధ్యాయురాలు): పిల్లల కోసం మా ప్రాంత చరిత్రను చిన్న పుస్తకంగా రాస్తున్నాను. శాసనాల్లోని మాటలు అలాగే ఉంచితే పిల్లలకు అర్థం కావు, మార్చితే పెద్దలు ఒప్పుకోరు. ముఖ్యంగా విరియాల కామసాని పేరులో "సాని" అని రాయడానికి చేయి రావడం లేదు. "కామాంబ" అని మార్చవచ్చా?

జవాబు: మార్చవద్దు, అమ్మా. సాని అన్న మాట స్వామిని నుంచి వచ్చింది, యజమానురాలు, దొరసాని అని అర్థం. దొరసానిలో ఆ గౌరవం ఇప్పటికీ నిలిచే ఉంది కదా. జనగామ ప్రాంతపు గూడూరు శాసనంలో ఉత్పలమాల, చంపకమాల పద్యాల్లో కీర్తి పొందిన కామసాని, విరియాల ఎఱ్ఱ భార్య, బాలుడైన కాకతి బేతని కాపాడి రాజ్యంలో నిలబెట్టిన మనిషి. తరువాతి శతాబ్దాల్లో ఆ మాటకు పట్టిన మకిలిని ఆమె పేరు మీద రుద్ది, ఆమెను కాపాడుతున్నామనుకుని పేరునే తీసేస్తే, ఆమెను రెండుసార్లు అవమానించినట్టవుతుంది. పేరు అలాగే ఉంచి, పక్కన రెండు వాక్యాల్లో ఈ సంగతి చెప్పండి. పెద్దలు పిల్లలకు అంతుపట్టదనుకునేవి చాలావరకు పెద్దలకే అంతుపట్టనివి.

నన్నడిగితే, అర్థం కాని మాట వల్ల ప్రమాదం తక్కువ. అర్థం కాలేదని తెలుస్తుంది గనుక నిఘంటువు తీస్తాం. అర్థమైందనిపించే మాటే మనల్ని ముంచుతుంది. శాసనంలో "వృత్తి" ఇచ్చారని ఉంటే ఉద్యోగం ఇచ్చారని కాదు, బ్రాహ్మణునికో గుడి కొలువు చేసేవారికో జీవనానికి భూమి గానీ వాటా గానీ ఇచ్చారని. "సముద్రం" తవ్వించారంటే పెద్ద చెరువు. "దశబంధం" అంటే పది కట్లు కావు, చెరువు తవ్వించినవారికో బాగుచేయించినవారికో దక్కే పదో వంతు. "లెంక" ఇప్పుడు కొందరి ఇంటిపేరు, అప్పుడు ఏలిక కోసం ప్రాణమిస్తానని ప్రమాణం చేసిన భటుడు. "దేవర"కు బహువచనం వేసి "దేవరలు" అన్నచోట గుడిలో ఎందరు దేవుళ్లున్నారో లెక్కపెట్టి చూడాలి. వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు ముగ్గురున్నారు. వేరే చోట అది కేవలం గౌరవం కావచ్చు. శాసనం చివర "గంగ కఱుత కవిలను వధించిన పాపాన పోదురు" అని చూసి పిల్లలు భయపడతారేమోనని ఇంకొక ఉపాధ్యాయురాలు అడిగారు. గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపం తగులుతుందన్న ఆ శాపం, దానాన్ని ఎవరూ లాక్కోకుండా పెట్టిన తాళం. పోలీసులు, రిజిస్ట్రారు లేని రోజుల్లో అదే ఏర్పాటని చెబితే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

పుస్తకంలో ఒక్కొక్క శాసనానికి మూడు వరుసలు పెట్టండి. మొదటిది రాతి మీద ఉన్నది ఉన్నట్టు, వరుస ఎక్కడ తెగితే అక్కడే తెంచి, చెరిగిన అక్షరాల చోట చుక్కలు పెట్టి, మీరు ఊహించిన అక్షరాన్ని బ్రాకెట్లో పెట్టి. రెండోది అదే పాఠం, పదాలు విడదీసి. మూడోది ఇప్పటి తెలుగులో భావం. ఈ మూడింటిని కలిపి ఒకటిగా రాసిన పుస్తకాల వల్లే ఇవాళ ఏది శాసనంలో ఉన్నదో, ఏది రచయిత చేర్చినదో తేల్చుకోలేక తలలు పట్టుకుంటున్నాం. స్థానిక కైఫీయత్తుల్లోని కథలు కూడా మీ పుస్తకంలో ఉండవచ్చు, ఉండాలి. కానీ అవి ఊరివాళ్లు చెప్పగా తరువాతి కాలంలో రాసుకున్నవని స్పష్టం చేసి, శాసనంతో కలిపేయకుండా వేరే పేజీలో పెట్టండి.

ప్రశ్న (కాజీపేట నుంచి): అక్షరాలు స్పష్టంగా కనపడటానికి శాసనంలో సున్నమో పసుపో నింపవచ్చా? మా ఊళ్లో ఆయిల్ పెయింట్ వేయాలని అనుకుంటున్నారు.

జవాబు: ఏదీ వద్దు. పెయింట్ వేసే మనిషి తను అనుకున్న అక్షరానికే రంగు వేస్తాడు, ఆ తరువాత వచ్చేవారు రాయిని కాక అతని ఊహను చదువుతారు. ఇప్పటికే సున్నం వేసి ఉంటే గోకవద్దు, సుత్తి, ఇనుప బ్రష్, యాసిడ్ అసలే వద్దు. మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపి ఫోటోలు తీసి, రాయి ఉన్న చోటు, ఎత్తు, వెడల్పు, వరుసలు ఎన్నో రాసుకుని పురావస్తు శాఖకు తెలియజేయండి. వాళ్లు వచ్చి రాయి మీద తడి కాగితం పరచి, గట్టి బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్ది ఎస్టాంపేజీ తీస్తారు. నేల నల్లగా, అక్షరం తెల్లగా కాగితం మీదికి వచ్చేస్తుంది, రాయికి గీత కూడా పడదు. ఈలోగా మీ ఊరివాళ్లు రాయిని కట్ట మీద నుంచి గుడి ముందుకు జరపాలని అనుకుంటే మాత్రం ఆపండి. "చెఱువు వెనుక" అని అందులో ఉంటే, ఏ చెరువో చెప్పేది ఆ రాయి నిలబడి ఉన్న చోటే.